నాలుక దాచుకుని నిప్పుకొండకు

బీదర్: బూట్ల కొలత

మండే కొండ ఎక్కి వచ్చానంటే మా వాడలో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్ళందరూ ఒక్కటే అడిగారు: "ఎందుకు పోయినవ్ రూతమ్మా?" అది పక్కన పెట్టండి. ఎలా పోయానో మాత్రం చెప్పగలను.

మా తమ్ముడు సుధాకర్ హళ్ళిఖేడ్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇండోనేషియా దేశంలో జావా అనే దీవిలో ఒక చక్కెర మిల్లులో బాయిలర్ ఫోర్‌మన్. అతని భార్య సువర్ణకు కాన్పు దగ్గరపడింది. ఆ పిల్లకు తల్లి లేదు. బాలింతను చూసుకోవడానికి ఆడబిడ్డనైన నేనే పోవాలి. ఇంతవరకు నాకు అర్థమైంది. తర్వాత ఫోన్‌లో తమ్ముడన్న మాటే అర్థం కాలేదు.

"అక్కా, వచ్చినంక నిన్ను అగ్గికొండ మీదికి తీస్కపోత. బూట్లు కొనుక్కో."

"బాలింతకు పత్యం పెట్టనీకి బూట్లెందుకురా?"

"కొండకక్కా, కొండకు! ఇసుకల నడవాలె."

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే నేను ఆ కొండ మీద ఎందుకంత గాబరా పడ్డానో మీకు తెలియదు.

మాది బిద్రి పని. నా భర్త దేవదానం మా ఉస్తాద్ దగ్గర, అంటే పని నేర్పిన గురువు దగ్గర, నేర్చుకున్నాడు. జస్తు అంటే జింకు, దాంట్లో రాగి కలిపి పోసిన గిన్నెలో గీతలు చెక్కి, వెండి తీగె కొట్టి, చివర మట్టి నీళ్ళలో ఉడికిస్తారు. అప్పుడు లోహం కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా ఉండిపోతుంది. ఆ మట్టి మా కోటలోది. వందల ఏళ్ళుగా వాన చుక్క, ఎండ పొడ తగలకుండా పాత గోడల చాటున పడి ఉన్నది. ఏది పనికొచ్చే మట్టో కంటితో తెలియదు. చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకుంటేనే తెలుస్తుంది. మా ఆయన నాలుకకు ఎంత పేరుందంటే, మిగతా ఇళ్ళవాళ్ళు కూడా తమ సామాన్లు నలుపు చేయడానికి ఉస్తాద్ ద్వారా మా ఇంటికే పంపేవారు.

ఊరంతా జ్వరాలు వచ్చిన ఆ ఏడాది ఆయన రుచి పోయింది. జ్వరం తగ్గింది, రుచి తిరిగి రాలేదు. పచ్చిమిరపకాయ కొరికినా "ఏదో వేడిగుంది" అంటాడు. అప్పటినుంచి మట్టి రుచి చూసేది నేను. ఆయన అరచేతిలో పెడతాడు, నేను నాకుతాను. తల ఊపితే మంచిది, ఉమ్మితే చెడ్డది. ఈ సంగతి ఉస్తాద్‌కు తెలియదు, ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇంటికి పని రాదు. నాలుక లేనివాడికి నలుపు ఎవరిస్తారు?

అందుకని బయలుదేరే ముందు రెండు నెలలకు సరిపడా మట్టి నాకి, ఏరి, పొట్లాలు కట్టి పెట్టాను. బూట్లు కూడా కొన్నాను. కొత్త బూట్లలో పాదం ఎటు పోతుందో తెలియక చౌబారా బజారులో రోజూ పొద్దున నడక నేర్చుకున్నాను. చెప్పులు తప్ప ఎరగని కాళ్ళు. పాలు పోసే అతను "ఏం రూతమ్మక్కా, పోలీస్ల దాఖలైనవా?" అని సైకిల్ ఆపి మరీ అడిగాడు.

బస్సెక్కేటప్పుడు అందరి మొగుళ్ళూ ఆరోగ్యం జాగ్రత్త అంటారు. మా ఆయన "నాలుక జాగ్రత్త" అన్నాడు. తర్వాత పక్కకు పిలిచి, "గుప్పెడు మట్టి తెస్తవా ఆ కొండది? అగ్గిల ఉడికిన మట్టి గదా. నలుపు ఎట్ల పడతదో" అన్నాడు.

చక్కెర మిల్లు ఊరు

ఆ ఊళ్ళో దిగగానే ముక్కుకు తగిలింది చెరుకు పాకం వాసన. విమానం ఎక్కి ఇంత దూరం వచ్చి మళ్ళీ హళ్ళిఖేడ్‌లోనే దిగానా అనిపించింది. అయితే అక్కడ కూరలో కూడా చక్కెర వేస్తారు. చిక్కుడుకాయ తీపి, కోడికూర తీపి. మిరపకాయ పచ్చడి ఒక్కటే కారంగా ఉంటుంది, దాంట్లోనూ అడుగున బెల్లం తగులుతుంది. కొత్తిమీర కట్ట ఎంతని అడిగితే వేలల్లో చెప్పారు. కళ్ళు తిరిగాయి. "అన్నీ వేలే అక్కా, భయపడకు. సున్నలు మస్తుంటయ్ గంతే" అని తమ్ముడు చెప్పాడు. చెప్పినా చివరిదాకా ప్రతి నోటూ రెండుసార్లు లెక్కపెట్టే ఇచ్చాను.

ఆడపిల్ల పుట్టింది. నేను మన పద్ధతిలో బొగ్గుల కుంపటి తెచ్చి మంచం కింద పెట్టి, వాము, వెల్లుల్లి పొట్టు వేసి పొగ పట్టాను. పక్కింటి ముసలామె, బూ సితి, రోజూ వచ్చేది. బూ అంటే వాళ్ళకు అమ్మ. ఆమె లోపలికి వస్తూనే కిటికీలు బార్లా తెరిచేది. నేను మూసేదాన్ని, ఆమె తెరిచేది. ఆమె పద్ధతి వేరు. చీరంత పొడుగు గుడ్డను ముడుల మీద ముడులుగా బాలింత నడుముకు చుడుతుంది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. అయినా రెండు నెలలు బాగానే పోట్లాడుకున్నాం. చివరికి సువర్ణకు ఇద్దరి పద్ధతులూ తప్పలేదు.

"వదినా, నేను మనిషినా, మూటనా?" అని ఆ పిల్ల పొగలో దగ్గుతూ అడిగింది.

నేను తిరిగి వచ్చే ముందు వారం సువర్ణే తమ్ముణ్ణి తరిమింది. "బూ సితి నాకాడ ఉంటది. వదిన వచ్చి నన్నూ, బిడ్డ గుడ్డలూ తప్ప ఈ దేశంల ఏం చూసింది? తీస్కపో."

సుధాకర్ కాగితం మీద సామాన్ల పట్టీ రాశాడు. ఉన్ని చొక్కా, చెవుల టోపీ, కళ్ళద్దాలు, నీళ్ళు, తడి రుమాలు, మాస్కు. పైన గంధకం పొగ వస్తుందట. గాలి మన వైపు తిరిగితే తడి గుడ్డ ముక్కుకు పెట్టుకుని వెంటనే దిగాలట. ఆయాసం ఉన్నవాళ్ళు ఎక్కకూడదట.

"పొగతోని గొంతు మండుతది. నోరు కూడా చెడుతది. మాస్కు తియ్యకు అక్కా."

నోరు చెడుతుంది అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. రాను అందామనుకున్నాను. ఎందుకు రావు అంటే ఏం చెప్పాలి? తమ్ముడికి కూడా మా ఇంటి నాలుక సంగతి తెలియదు. సరే, నాకు తెలిసిన భద్రం నేను చేసుకున్నాను. మాస్కు లోపలి మడతలో వాము నలిపి పోసి, అంచు కుట్టేశాను. పొగకు వాము విరుగుడు కదా. బాలింతకు పనిచేసింది కొండకు పనిచేయదా?

కొండ కింది పల్లె

ఆ కొండ పేరు బ్రోమో. కింది పల్లెకు చేరేసరికి చీకటి పడబోతోంది, చలి ఎముకల్లో దూరింది. మేం దిగిన ఇంటావిడ పేరు బూ వాతి. మమ్మల్ని ముందు గదిలో కూర్చోబెట్టలేదు. నేరుగా వంటింట్లోకి తీసుకుపోయి పొయ్యి ముందు పీట వేసింది. మన దగ్గర కొత్తవాళ్ళను వంటింట్లోకి రానిస్తామా? అక్కడ పొయ్యి చూపించకపోతేనే తప్పట. మక్క రవ్వ అన్నం, క్యాబేజీ పులుసు, ఉడికిన ఆలుగడ్డ పెట్టింది. పులుసులో ఉప్పు సరిగ్గా ఉంది. రెండు నెలల తర్వాత తీపి లేని కూర! మూడుసార్లు వడ్డించుకున్నాను.

ఆమె హిందువు. ఆ దేశంలో ఎక్కువమంది ముస్లింలు, ఈ కొండ చుట్టూ పల్లెల్లో మాత్రం హిందువులు. నేను ఇండియా అనగానే ఆమె చేతులు జోడించి వాళ్ళ దేవుడి పటం చూపించింది. తమ్ముడు మేం క్రైస్తవులమని చెప్పాడు. ఆమె నన్ను చూసింది, తమ్ముణ్ణి చూసింది, మళ్ళీ నా చీరను చూసింది. ఇండియా నుంచి వచ్చి క్రైస్తవులేమిటని ఆమెకు తికమక. జావాలో హిందువులేమిటని నాకు తికమక. ఇద్దరం నవ్వి ఇంకో ఆలుగడ్డ తీసుకున్నాం.

ఏడాదికొక పున్నమికి వాళ్ళు కూరగాయలు, కోళ్ళు తీసుకుపోయి కొండ నోట్లో వేస్తారట. అంతవరకు అర్థమైంది. కానీ ఆ నోటి లోపల వాలు మీద కొందరు వలలు పట్టుకుని నిలబడి, పడేవాటిని పట్టుకుంటారట!

"గదేంది? దేవునికి ఇచ్చింది మనిషి పట్టుకుంటడా? అడుగు తమ్మీ ఆమెను."

సుధాకర్ అడిగాడు. ఆమె ఆలుగడ్డ తొక్క తీస్తూ చెప్పింది. అతను నాకు మన మాటలో చెప్పాడు: "మేం ఇడిసిపెట్టినం. కొండ చూసింది. ఇంక కోడి ఆగం గావద్దు గదా అంటున్నది."

దీని మీద నేను చాలాసేపు ఆలోచించాను. తప్పెక్కడుందో దొరకలేదు.

పల్లె చివర ఒక బోర్డు ఉంది. కొండ ఈ రోజు ఏ తీరుగా ఉందో రంగులతో చెబుతుంది. మంచి రంగే ఉంది, అంచు దాకా ఎక్కనిస్తున్నారు, అక్కడ ఎక్కువసేపు ఉండొద్దన్నారు. కాపలా గుడిసె అతను ఇంకో మాట చెప్పాడు: పొగ తెల్లగా ఉంటే చూడండి, నల్లగా మారితే చూడకుండా పరుగెత్తండి.

ఇసుక సముద్రం

అందరూ సూర్యోదయం చూడటానికి చీకట్లోనే పోతారు. మేమూ పోవాలనుకున్నాం. కానీ తమ్ముడు ఏళ్ళుగా రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే మనిషి. తెల్లవారుతుంటే వాడికి నిద్ర పట్టింది. మేం లేచేసరికి బారెడు పొద్దెక్కింది. జీపులన్నీ తిరిగొస్తున్నాయి, మేం ఎదురు పోతున్నాం.

మా జీపు దిగితే కనుచూపు మేర నల్ల ఇసుక. మా బీదర్ ఎర్రమట్టి నేల. ఇంత నలుపు నేనెప్పుడూ చూడలేదు, మా ఆయన గిన్నెల మీద తప్ప. మధ్యలో ఒక గుడి, దాని వెనక కొండ. బోర్లించి అడుగు పగలగొట్టిన కుండలా ఉంది. లోపలినుంచి తెల్లని పొగ.

గుర్రాలవాళ్ళు మూగారు. నేను నడుస్తానన్నాను. గుర్రమంటే భయమని చెప్పలేదు. అందరూ పోయారు, ఒకాయన మాత్రం పోలేదు. పేరు పాక్ జుమాది, పాక్ అంటే వాళ్ళకు అయ్య. అరవై ఉంటాయి. చారల లుంగీని మన గొంగడి కప్పుకున్నట్టు భుజాల మీద ముడివేసుకున్నాడు. ఖాళీ గుర్రాన్ని పట్టుకుని మా వెనకే నడిచాడు.

"ఎందుకొస్తుండు తమ్మీ? ఎక్కనని చెప్పినం గదా."

సుధాకర్ అడిగి వచ్చి ముసిముసిగా నవ్వాడు. "పోయేటప్పుడు ఎక్కరంట. వచ్చేటప్పుడు తప్పకుండ ఎక్కుతరంట. నీ బూట్లు చూసి చెప్తున్నడు."

నిజమే. బూట్ల నిండా ఇసుక చేరి ఒక్కో కాలు ఒక్కో రోలంత బరువైంది. ఒకచోట కూర్చుని బూటు విప్పాను. ఇసుక చేతిలోకి వంపుకున్నాను. చెయ్యి అలవాటు ప్రకారం నోటి దగ్గరికి పోయింది.

"అక్కా! ఏం చేస్తున్నవ్!"

ఏమీ లేదు రుచి. కడిగిన పళ్ళెంలా ఉంది. ఉప్పదనం లేదు, నాలుక చివర పట్టుకునే ఆ చిన్న చురుకు లేదు. నేను ఉమ్మేసి కొంగున గుప్పెడు కట్టుకోబోతుంటే తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు. ఇక్కడి మట్టి ఇక్కడే ఉండాలట, తీసుకుపోనివ్వరట.

"బావకు గుప్పెడు మట్టి తెస్తనని మాటిచ్చినరా."

"మట్టి ఏం చేస్కుంటడు బావ? నువ్వెందుకు తింటున్నవ్?"

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఆ నల్ల ఇసుకలో కూర్చుని, బావకు నాలుక పోయిన సంగతి, నేను నాకుతున్న సంగతి, ఎవరికీ చెప్పొద్దన్న సంగతి చెప్పాను. వాడు బూటు తీసుకుని ఇసుకంతా దులిపి నా కాలికి తొడిగాడు. లేసు ముడివేస్తూ "మరి నిన్నెందుకు తీస్కొచ్చిననక్కా ఈడికి" అన్నాడు. గుర్రం ఆయన మా ఇద్దరి మొహాలు చూసి, గుర్రం ఎక్కమని ఇంకోసారి అడగలేదు.

మెట్లు

కొండ వాలుకు సిమెంటు మెట్లు కట్టారు, సగం ఇసుకలో పూడిపోయి ఉన్నాయి. మాస్కు పెట్టుకున్నాను. పది మెట్లు ఎక్కానో లేదో తుమ్ము వచ్చింది. నా వాము! ఊపిరి పీల్చినప్పుడల్లా నలిపిన వాము ముక్కులోకి పోతోంది. తుమ్ము మీద తుమ్ము. దిగుతున్నవాళ్ళు జలుబు మనిషనుకుని పక్కకు తప్పుకున్నారు. కళ్ళద్దాలకు ఆవిరి పట్టి ఏమీ కనిపించడం లేదు. తమ్ముడి చొక్కా చివర పట్టుకుని గుడ్డిదానిలా ఎక్కాను.

పైన కొండ నోటి అంచు రెండు మూరల వెడల్పు కూడా లేదు. పక్కన నడుమెత్తు గోడ ఉంది, అదీ అక్కడక్కడ విరిగింది. లోపలికి చూస్తే అడుగున పగులు, దాన్నుంచి పొగ, హోరు. ఆ హోరు వినగానే నేను భయపడలేదు. నాకది మిల్లు చప్పుడులాగే ఉంది. భయపడింది సుధాకర్.

"అక్కా, గిది నడుస్తున్న బాయిలర్. దీనికి గేజ్ ఎక్కడుంది? ప్రెషర్ ఎంతుందో ఎట్ల తెలుస్తది?"

"నన్నడుగుతవేందిరా?"

"ఇన్నేండ్లల్ల గేజ్ లేని బాయిలర్ కాడ నేను నిలబడలే. దిగుదాం పా."

దిగుదాం అంటూనే వాడు కదలడం లేదు, ఆ శబ్దం చెవి పెట్టి వింటున్నాడు. అప్పుడు నాకు వచ్చింది తుమ్ము, వరసగా నాలుగు. ఊపిరి ఆడక మాస్కు లాగేశాను. సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది.

అగ్గిపుల్లల పెట్టె మొత్తం నోట్లో గీసినట్టయింది. కళ్ళు, గొంతు, నాలుక ఒక్కసారి మండాయి. తమ్ముడు తడి రుమాలు నా మొహానికి అదిమి, రెక్క పట్టుకుని దించేశాడు. ఎన్ని మెట్లు దూకానో తెలియదు. సగంలో గాలి మళ్ళీ అటు తిరిగింది. కూర్చున్నాను, దగ్గాను, నీళ్ళు తాగాను. మెట్టు మీద పేరుకున్న బూడిద కనిపించింది. ఇంత దూరం వచ్చి, మట్టి తీసుకుపోలేక, రుచైనా తీసుకుపోకపోతే ఎలా అనిపించింది. చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. మొదట పులుపు, తర్వాత మంట, ఆ తర్వాత ఏమీ లేదు.

ఏమీ లేదంటే ఏమీ లేదు. కింద పాక్ జుమాది తన సంచిలోంచి ఉడికిన ఆలుగడ్డ, ఉప్పు పొట్లం తీసి ఇచ్చాడు. ఉప్పు అద్దుకున్నాను. వేడి తెలిసింది, ఉప్పు తెలియలేదు. మళ్ళీ అద్దుకున్నాను. తెలియలేదు. ఇసుకలో కూర్చుని ఏడ్చాను.

ఆయనకు ఏమర్థమైందో, వంగి తనూ చిటికెడు బూడిద నాలుక మీద వేసుకుని, మొహం చిట్లించి ఉమ్మాడు. తర్వాత ఏదో చెప్పాడు. సుధాకర్ మన మాటలో చెప్పాడు: కొండ ఉమ్మిన ఏడాది చేనంతా పాడవుతుందట. వానలు కడిగి కడిగి, ఆకులు కుళ్ళి, ఏళ్ళు పోతే ఆ మట్టిలోనే ఇంత ఆలుగడ్డ వస్తుందట.

"ఎన్నేండ్లు?" అన్నాను.

ఆయన చేతులు విప్పి నవ్వాడు. కొండనడగాలట.

తిరుగు దారిలో గుర్రం ఎక్కాను. భయపడటం మర్చిపోయాను.

మళ్ళీ బీదర్: రెండు సాసర్లు

తమ్ముడి ఇంట్లో మిగిలిన రోజులు బూ సితి కూరలో తీపి కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. ఎల్లుండి విమానం అనగా అల్లం నీళ్ళలో కొంచెం ఏదో తగిలింది. నిజంగా తగిలిందో, తగలాలని అనుకున్నానో తెలియదు. ఫోన్‌లో మా ఆయనకు ఏమీ చెప్పలేదు.

ఇంటికొచ్చి చూస్తే చాప మీద ఉస్తాద్ కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి, చూపు సరిగ్గా ఆనదు. ఆయన ముందు రెండు సాసర్లలో మట్టి. మా ఆయన తలవంచుకుని ఉన్నాడు.

"ఏమైంది?" అన్నాను సంచి దించకుండానే.

"నీ పొట్లాలు అయిపోయినయ్," అన్నాడు మా ఆయన. "కొత్త మట్టి వచ్చింది. ఉస్తాద్ నా ముందర పెట్టి చూడుమన్నడు. ఎన్ని దినాలు అబద్ధం ఆడాలె? చెప్పేసిన."

ఉస్తాద్ గడ్డం సవరించుకున్నాడు. "రెండేండ్లు నన్ను ఉల్లూ బనాయించిండ్రు మొగుడూ పెండ్లాం. సరే. నలుపైతే బరాబర్ వచ్చింది, ఎవరి నాలుక అయితేనేం. గానీ నా ముందర చూడలే గదా. రా బేటీ, కూసో. చూసి చెప్పు."

ఈ రోజే! నా నోట్లో ఇంకా ఆ కొండ ఉంది. చెప్పేద్దామా, వద్దా? మా ఆయన నావైపు చూశాడు. పుక్కిలించి వచ్చి కూర్చున్నాను. మొదటి సాసర్‌లోంచి చిటికెడు పెట్టుకున్నాను. ఏమీ లేదు. నా నాలుకకు తెలియడం లేదా, మట్టిలోనే రుచి లేదా? కళ్ళు మూసుకుని ఆగాను. ఏమీ లేకపోవడంలో కూడా ఒక తీరుంది. ఇది ఇసుక సముద్రంలో నాకినదాని తీరు, కడిగిన పళ్ళెం. రెండోది పెట్టుకున్నాను. ముందు ఏమీ తెలియలేదు. అప్పుడు నాలుక చివర, చాలా మెల్లగా, చురుక్కుమంది.

"మొదటిది వానల తడిసింది ఉస్తాద్, అంతా కడుక్కపోయింది," అన్నాను. "రెండోది మంచిదే అనిపిస్తున్నది. గానీ కసమేసి చెప్పలేను. కొండ మీద నా నోరు మండింది. ఉడకబెట్టి చూడుండ్రి."

మా ఆయన నవసాగరం అనే ఉప్పు కలిపి రెండో మట్టిని నీళ్ళలో ఉడికించాడు. చిన్న డబ్బీ ఒకటి అందులో ముంచి, మట్టితో రుద్ది, తీసి కడిగాడు. మబ్బు రంగు డబ్బీ కాటుకలా నల్లబడింది. వెండి పువ్వులు తెల్లగా లేచాయి. ఉస్తాద్ దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు తిప్పాడు.

"మొదటిది మా వాకిట్లది, కనిపెడతవా లేదా అని నేనే పెట్టిన," అన్నాడు. డబ్బీ నా చేతిలో పెట్టాడు. "ఆ కొండ మట్టి ఎట్లుంది బేటీ? మన పనికొస్తదా?"

మా ఆయన కూడా తలెత్తాడు. గుప్పెడు తెస్తానన్న మనిషిని, ఒట్టి చేతులతో వచ్చాను.

"పచ్చిది ఉస్తాద్," అన్నాను. "ఇంక పొయ్యి మీదనే ఉన్నది. దించి, చల్లారి, మన కోట మట్టి లెక్క చీకట్ల నాలుగొందల ఏండ్లు కూసోవాలె."

"అయితే జర ఆగుదాం," అన్నాడు ఉస్తాద్, ఎనభై దాటిన మనిషి, చాప మీద కాళ్ళు బారజాపుకుంటూ. "చాయ్ పెట్టు."

చాయ్ పెట్టాను. చక్కెర ఎంత వేశానో నాకు తెలియలేదు. తాగి ఉస్తాద్ మొహం చిట్లించాడు, నేనూ చిట్లించాను. మా ఆయన మాత్రం బాగుందన్నాడు.